ఓడ కింది ఇత్తడి మేకులు

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఫిబ్రవరి నెల రెండో సోమవారం ఉదయం, నా టేబుల్ మీదకు ఒక పలచటి ఫైలు వచ్చింది. అప్పటికి మెల్‌బోర్న్‌కు ఆగ్నేయంగా గిప్స్‌లాండ్ కొండల్లో ఉన్న ఒక కౌన్సిల్‌లో సీనియర్ స్ట్రక్చరల్ ఇంజనీరుగా పదకొండేళ్ళు నిండాయి. కౌన్సిల్ అంటే మన మునిసిపాలిటీ లాంటిదే. కాకపోతే దాని కింద ఒక ఊరు కాదు, కొండలూ పాడి పశువుల పొలాలూ కలిపి చాలా ఊళ్ళుంటాయి. మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లోని మా ఇంటి నుంచి ఆఫీసుకు కారులో గంట ప్రయాణం.

ఫైలులో ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు. రాసింది ఒక టూరిస్టు బస్సు డ్రైవరు. మా ప్రాంతంలో కొండల మీదుగా వెళ్ళే ఒక సీనిక్ డ్రైవ్ ఉంది. దారి పొడవునా గోధుమరంగు బోర్డులు, వాటి మీద తెల్ల అక్షరాలు, చూడవలసిన చోట్ల పేర్లు. జున్ను అమ్మే దుకాణం, జలపాతం, లోయ కనిపించే మలుపు, వాటి తర్వాత నాలుగో చోటు డేనిష్ చర్చి. నూరేళ్ళ క్రితం డెన్మార్క్ నుంచి వచ్చి ఈ కొండల్లో అడవి నరికి పాడి పెట్టుకున్న కుటుంబాలు కట్టుకున్న పారిష్ చర్చి అది. దాని దక్షిణపు గోడలో చెయ్యి దూరేంత పగులు ఉందనీ, తన ప్రయాణికులను లోపలికి పంపడానికి భయంగా ఉందనీ ఆ డ్రైవరు రాశాడు.

చెయ్యి దూరదని చూడకుండానే చెప్పగలను. పగులు గురించి ఫిర్యాదు రాసేవాళ్ళ చేతులు ఎప్పుడూ చాలా సన్నగా ఉంటాయి. కానీ ఈస్టర్ సెలవులు దగ్గర పడుతున్నాయి, ఆ దారిలో బస్సులు వరస కడతాయి. రేపు ఆ గోడ ఎవరి మీదో పడితే ఫిర్యాదు అందిన తేదీ, మేము ఏమీ చేయని రోజులు, రెండూ కోర్టులో పైకి చదువుతారు. కాబట్టి ఆ మధ్యాహ్నమే బయల్దేరాను.

మా పని పద్ధతి కొంచెం చెప్పాలి. భవనం ప్రమాదంలో ఉందని అనుమానం వస్తే కౌన్సిల్‌కు రెండు దారులున్నాయి. ఒకటి నోటీసు. ఫలానా లోపం ఉంది, ఇంత గడువులో సరిచేయండి లేదా ఎందుకు చేయక్కర్లేదో చెప్పండి అని యజమానిని అడుగుతుంది. రెండోది అత్యవసర ఉత్తర్వు. దానికి గడువు లేదు. కాగితం తలుపుకు అంటించిన క్షణం నుంచి ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. దాని మీద సంతకం చేసే అధికారం మునిసిపల్ బిల్డింగ్ సర్వేయర్‌ది. మా సర్వేయర్ గ్రెగ్, నాకంటే పదిహేనేళ్ళు చిన్న. నా రిపోర్టు అతనికి సలహా మాత్రమే. కానీ పదకొండేళ్ళలో అతను నా సలహా పక్కన పెట్టింది ఒక్కసారి కూడా లేదు. అందుకే ఆ సలహా రాసేటప్పుడు నా కలం బరువుగా ఉండేది.

చర్చి చాలా చిన్నది. అరవై మంది కూర్చుంటే నిండిపోతుంది. సున్నం కొట్టిన ఇటుక గోడలు, రెండు కొసల గోడలూ పైకి మెట్లు మెట్లుగా ముగుస్తాయి. దక్షిణాన గోడకు ఎనిమిది అడుగుల దూరంలో వరసగా సైప్రస్ చెట్లు. తాళం తీసి పట్టుకుని నిలబడి ఉన్నావిడ పేరు ఇంగర్. ఎనభై నాలుగేళ్ళు, నిటారుగా ఉండేది. ఆ చర్చి కట్టినవాళ్ళలో ఓడ వడ్రంగి ఒకాయన ఉన్నాడు, ఆయన మనవరాలు. చర్చి తాళాలు, పువ్వులు, ఊడ్వడం, తుడవడం అన్నీ ఆవిడవే. నా ఆకుపచ్చ ఫ్లోరసెంట్ జాకెట్టూ నెత్తిన హెల్మెటూ చూసి, లోపల ఏమీ కూలడం లేదు, టోపీ తీయవచ్చు అంది. నిబంధన అని చెప్పి తీయలేదు. ఆవిడ మొహం చూస్తే అది తప్పే అనిపించింది.

మాది గుంటూరు. ఈ డేనిష్ చర్చి లాంటి లూథరన్ చర్చి అంటే మాకు కొత్త కాదు, నేను చదివిన హైస్కూలే వాళ్ళ మిషన్‌ది. బెంచీలు, పాటల పుస్తకాలు, కొవ్వొత్తులు అన్నీ తెలిసినవే. తెలియనిది ఒక్కటే, నడిమధ్య వేలాడుతున్న ఓడ. బారెడు పొడవున్న నమూనా ఓడ, మూడు తెరచాప కొయ్యలు, నల్లటి అడుగు, దారాలతో సహా అన్నీ ఉన్నాయి. పైన దూలానికి బిగించిన గిలక మీదుగా వచ్చిన తాడుకు వేలాడుతోంది, ముక్కు ఆల్టర్, అంటే బలిపీఠం వైపు. డెన్మార్క్‌లో ఏ ఊరి చర్చిలోనైనా ఇలాంటిది ఒకటి ఉంటుందట. సముద్రం మీద వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలని మొక్కు. ఇక్కడ చుట్టూ ఆవులు తప్ప ఏమీ లేవు. అయినా ఆ వడ్రంగి ముందు ఓడ చేసి, తర్వాతే బెంచీలు చేశాడట.

పగులు నిజమే. దక్షిణపు గోడలో కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా, పైన వెడల్పు, కింద సన్నం. గోడ బయటకు ఒరిగితే వచ్చే పగులు అలాగే ఉంటుంది. గోడ పక్కన తూకం గుండు వదిలి చూస్తే పైభాగం దాదాపు మూడంగుళాలు బయటకు ఉంది. పగులుకు రెండు పక్కలా గేజీ అంటించాను. ఒకదాని మీద ఒకటి జరిగే రెండు పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలు, ఒకదాని మీద గళ్ళు, రెండోదాని మీద ఎర్ర ప్లస్ గుర్తు. పగులు కదిలితే గుర్తు గళ్ళ మీద జరుగుతుంది. ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో కంటితో చదువుకోవచ్చు.

వెళ్ళేటప్పుడు ఇంగర్ ఒక్కటే అడిగింది. మూసేయాల్సి వస్తే ఓడని మేము దించుకోవచ్చా, లేక మీ వాళ్ళే దించుతారా అని. అంత దూరం రాలేదని చెప్పాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. వాళ్ళ సంఘంలో మిగిలింది పద్నాలుగు మంది, అందరూ డెబ్భై దాటినవాళ్ళు. పునాది తవ్వి కొత్త కాంక్రీటు పోసుకునే శక్తి వాళ్ళకు లేదని ఫైలులోనే ఉంది. ఒకసారి మూస్తే అది మళ్ళీ తెరుచుకోదు. స్థలం అమ్ముతారు, ఓడ ఏ మ్యూజియం గోదాములోనో పడుతుంది. ఇది ఆవిడకు నాకంటే ముందే తెలుసు.

మూడు వారాల తర్వాత గేజీ ఒకటిన్నర మిల్లీమీటర్లు చూపించింది. ఆరు వారాలకు రెండున్నర. గోడల గురించి తెలియనివాళ్ళకు ఇది గోరంత. తెలిసినవాళ్ళకు గుండెల్లో రాయి. గ్రాఫు కాగితం మీద మూడు చుక్కలు పెట్టి, స్కేలు ఆనించి గీత లాగాను. ఆ గీత ఏడాది చివరికి రెండు సెంటీమీటర్ల దగ్గర తేలింది. అప్పటికే మూడంగుళాలు ఒరిగిన గోడకు అంత ఓపిక ఉండదు. పాత ఫైలులో ఉన్న మట్టి రిపోర్టు చూశాను. మామూలు కొండ మట్టి అని రాసి ఉంది. దాన్ని నమ్మాను.

మార్చి చివరి వారం, శుక్రవారం సాయంత్రానికి రిపోర్టు సిద్ధం. సిఫార్సులు మూడు. ఒకటి, అత్యవసర ఉత్తర్వు ఇచ్చి చర్చిని వెంటనే మూయడం. రెండు, దక్షిణం వైపు కంచె. మూడు, గోడకు దగ్గరగా ఉన్న సైప్రస్ చెట్లను కొట్టేయడం. గ్రెగ్ చదివి, సోమవారం పొద్దున్నే సంతకం చేస్తానన్నాడు. ఇంటికి వచ్చి అన్నం సరిగ్గా తినలేదు. మా ఆవిడ సుశీల రెండుసార్లు ఏమైందని అడిగి, మూడోసారి పెరుగు గిన్నె నా ముందు పెట్టి ఊరుకుంది.

శనివారం పొద్దున్న కొండల వైపు అలా డ్రైవ్‌కి వెళ్దామా అన్నాను. సుశీల చైల్డ్‌కేర్ సెంటర్‌లో పనిచేసేది, శనివారం ఒక్కటే ఆమెకు నడుము వాల్చే రోజు. అయినా సంబరంగా పులిహోర కలిపింది. కారు జున్ను దుకాణం దాటి, జలపాతం దాటి, రెండు చోట్లా ఆగకపోయేసరికి విషయం అర్థమైపోయింది.

“ఏమండీ, సీనిక్ డ్రైవ్ అంటే సైట్ విజిట్టా? పెళ్ళయి ముప్పై ఆరేళ్ళయింది. తాజ్ మహల్ చూపిస్తానన్నారు. ఇప్పటిదాకా చూపించినవన్నీ పగుళ్ళే.”

“ఇదొక్కటే,” అన్నాను. “సోమవారం దీన్ని మూసేస్తున్నాం. ఒకసారి చూసి వెళ్ళిపోదాం.”

ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. కొలతలు తీసుకోవడానికి కాదు, పరికరాల పెట్టె కూడా తేలేదు. పదకొండేళ్ళలో దుకాణాలు మూయించాను, గోదాములు మూయించాను, ఒక నాట్యశాల మూయించాను. వాటిలో ఎవరూ నన్ను ఓడ గురించి అడగలేదు. అదీ కారణం కావచ్చు.

చర్చి ముందు నాలుగైదు కార్లున్నాయి. లోపల పద్నాలుగు మందిలో తొమ్మిది మంది ఉన్నారు. నడిమధ్య ఓడ లేదు. అది పొడుగాటి బల్ల మీద పాత దుప్పటి మీద ఉంది, ఇద్దరు ముసలివాళ్ళు పెయింటు బ్రష్షులతో తెరచాపల దుమ్ము దులుపుతున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఇంగర్‌కు ముందే తెలిసిపోయింది, దించేస్తున్నారు అనుకున్నాను. తల కొట్టేసినట్టయింది.

ఇంగర్ వచ్చి చెప్పింది, అదేమీ కాదట. ప్రతి ఏడూ మార్చి చివరి శనివారం ఓడని దించి కడుగుతారు. తాత కాలం నుంచీ అదే శనివారం. మీరు చర్చిని మూసేవారైనా కాఫీ తాగేవారే కదా అని నన్నూ సుశీలనూ కూర్చోబెట్టి, యాలకుల వాసన వేసే తీపి రొట్టె పెట్టింది. యాలకుల వాసనకు సుశీల మొహం వికసించింది. ఐదు నిమిషాల్లో ఇద్దరూ వంటల్లో పడ్డారు. పది నిమిషాల్లో సుశీల చేతిలో కూడా ఒక బ్రష్ ఉంది. మనిషి ఖాళీగా కూర్చోలేదు. బల్ల దగ్గర చోటు లేక, విప్పి పెట్టిన చిన్న చిన్న గిలకలు పళ్ళెంలో పోసుకుని, చైల్డ్‌కేర్‌లో పిల్లల మధ్య కూర్చున్నట్టే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

నేను ఆల్టర్ పక్కన నిలబడి, సోమవారం సంగతి ఇంగర్‌కు ఇప్పుడు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. సంతకం కాని ఉత్తర్వు గురించి ముందుగా చెప్పకూడదు. చెప్పకుండా ఆవిడ రొట్టె తినడం కూడా కష్టంగానే ఉంది.

అప్పుడు సుశీల పిలిచింది. “ఏమండీ, ఇటు రండి. ఈ మేకులేంటి?”

ఓడ మామూలుగా వేలాడే చోట, దాని కింద, నేల మీద ఎప్పుడూ ఒక ఎర్ర తివాచీ పరిచి ఉంటుంది. నేను వెళ్ళిన మూడుసార్లూ దాని మీద నడిచాను. ఆ రోజు దుమ్ము పడుతుందని దాన్ని చుట్టి పక్కన పెట్టారు. తివాచీ ఉండే చోట నేలచెక్కలో ఇత్తడి మేకులు మెరుస్తున్నాయి. చిన్న తలలు, పక్క పక్కనే, ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకే వరస. లెక్కపెడితే పంతొమ్మిది. వరస పొడవు మూడంగుళాలు. ప్రతి మేకు పక్కనా చెక్క మీద ఒక సంవత్సరం సన్నగా చెక్కి ఉంది.

ఇంగర్‌ను అడిగాను. అది తాత పద్ధతి అంది. ఓడని కడిగి మళ్ళీ ఎక్కించే ముందు, అదే తాడుకు సీసపు గుండు కట్టి వదులుతారు. ఊగి ఊగి అది ఆగిన చోట మేకు కొడతారు. ఆయన ఓడలు కట్టినవాడు. కట్టినది ఏదైనా కదులుతుంది, ఎంత కదిలిందో తెలియకపోవడమే తప్పు అనేవాడట. గుండు పాత మేకు మీదే ఆగితే కొత్తది కొట్టరు. ఆ ఏడు చర్చి పుస్తకంలో పాత మేకే అని రాస్తారు.

దక్షిణపు కొసన ఉన్న ఆఖరి మేకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని సంవత్సరం చదివాను. అప్పటికి నలభై ఒక్క ఏళ్ళ కిందటిది.

పుస్తకం తెప్పించుకున్నాను. నల్ల అట్ట, మొదటి పేజీలు డేనిష్‌లో, తర్వాతవి ఇంగ్లిష్‌లో. నలభై ఒక్క ఏళ్ళ నుంచి, మార్చి చివరి శనివారం పేరు మీద, ప్రతి ఏడూ అదే మాట. పాత మేకే. పాత మేకే. పాత మేకే. చేతిరాతలు మారాయి, మాట మారలేదు.

నాకు గుంటూరు గుర్తొచ్చింది. ఇరవై నాలుగేళ్ళ వయసులో అక్కడ ప్రభుత్వ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన కొత్తలో, నల్లరేగడి నేలలో కట్టిన ఒక బడి గోడ మే నెలలో బీట తీస్తే, కూల్చేయాలని పొంగిపోతూ రిపోర్టు రాసి తీసుకెళ్ళాను. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు కళ్ళద్దాలు పైకెత్తి, “పగులు కొలిచావు సరే, ఏ నెలలో కొలిచావోయ్?” అన్నారు. దసరా వెళ్ళాక మళ్ళీ కొలిచి రమ్మన్నారు. వెళ్తే, వానలకు నేల ఉబ్బి పగులు సగానికి పైగా పూడుకుపోయింది. ఎండకు నెర్రెలు విచ్చి వానకు మూసుకునే నేల మీద పుట్టి పెరిగినవాణ్ణి. ఆ పాఠం ఆయన దగ్గర తిట్లతో సహా నేర్చుకున్నవాణ్ణి. ఈ పచ్చటి కొండలు చూసి, ఒక పాత కాగితం నమ్మి, కింద ఉన్నదీ అలాంటి నేలే కావచ్చని తోచక, ఇక్కడి వేసవి ముగిసే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆరు వారాలు కొలిచి, దానికి స్కేలు ఆనించి ఏడాది పొడవునా గీత లాగాను.

మేకుల వరస కథ చెబుతోంది. చర్చి కట్టిన కొత్తలో నాటిన సైప్రస్ చెట్లు పెరుగుతున్నంత కాలం, వాటి వేర్లు దక్షిణపు గోడ కింది నీళ్ళు తాగి నేలను ఎండబెట్టాయి. గోడ ఒరిగింది, దూలాన్ని తనతో లాక్కుంది, మేకులు దక్షిణానికి నడిచాయి. చెట్లు పూర్తిగా పెరిగాక అదీ ఆగింది. ఆ పైన జరిగేది ఏటా వేసవిలో తెరుచుకుని చలికాలంలో మూసుకునే కదలిక. ఏటా ఒకే శనివారం కొలిచారు కాబట్టి ఆ ఊగులాట వాళ్ళ లెక్కలోకి రాలేదు. నా లెక్కలో ఉన్నదంతా ఆ ఊగులాటే. ఇక నా మూడో సిఫార్సు ప్రకారం ఆ చెట్లను కొట్టేస్తే నేల ఒక్కసారిగా నీళ్ళు పట్టి ఉబ్బేది. నలభై ఒక్క ఏళ్ళు కదలని గోడను నేనే కదిలించేవాణ్ణి.

అయినా ఇదంతా ఇంకా ఊహే. మేకులు కొట్టిన చెక్కలు మార్చినవైతే మొత్తం కథ చెల్లదు. అడిగాను. నేలచెక్కలను కింద నుంచి మోసే మొద్దులు ఒకసారి మార్చారు, పైచెక్కలు ఎప్పుడూ విప్పలేదు అంది ఇంగర్. మాట నమ్మాను కానీ ఉద్యోగం నమ్మనివ్వలేదు. పక్కన ఉన్న చిన్న తలుపు తెరిపించి, ఫోను లైటుతో నేల కిందకు పాకాను. చెక్కల అడుగున వాటిని బిగించిన పాత ఇనప మేకులు తుప్పుతో సహా అలాగే ఉన్నాయి, ఒక్క చెక్కకూ కొత్త రంపపు కోత లేదు. బయటకు వచ్చేసరికి పెళ్ళిళ్ళకు దాచుకున్న ప్యాంటు మట్టికొట్టుకుపోయింది. సుశీల చూసి, తిట్టకుండా మట్టి దులిపింది. అంటే ఆమెకు కూడా సంగతి అర్థమైందన్నమాట.

ఇక మిగిలింది ఆ ఏటి గుండు. గోడ నిజంగా పడిపోతున్నదైతే, ఈ ఆరు వారాల్లో కదిలినది ఏటా జరిగేది కాకపోతే, గుండు ఆఖరి మేకు దాటి దక్షిణాన ఆగుతుంది. అప్పుడు నా శుక్రవారం రిపోర్టే నిజం. ఇంగర్‌కు అప్పుడు అంతా చెప్పేశాను. సోమవారం సంగతి, సంతకం సంగతి, గుండు ఎక్కడ ఆగితే ఏమవుతుందో. ఆ చెప్పకూడని మాటలు చెప్పినందుకు ఎవరైనా నన్ను తప్పు పట్టవచ్చు. ఆవిడ విని, తలుపులూ కిటికీలూ మూయించింది. గాలికి గుండు ఊగకూడదు కదా.

తాడు వదిలారు. గుండు నేలకు వేలెడు ఎత్తున ఆగి, చాలాసేపు పెద్ద సున్నాలు చుట్టింది. తొమ్మిది మంది ముసలివాళ్ళు, మేమిద్దరం, చుట్టూ నిలబడ్డాం. సున్నాలు చిన్నవయ్యాయి, గీతగా మారాయి, గీత చుక్కయింది. నేను బోర్లా పడుకుని చెంప చెక్కకు ఆనించి చూశాను. గుండు మొన ఆఖరి మేకు తల మీద ఉంది. సరిగ్గా మధ్యలో కాదు, కొంచెం ఉత్తరానికి.

“పాత మేకే,” అన్నాను. ఆ పూట కలిగిన ఊరట నా ఉద్యోగంలో మరెప్పుడూ కలగలేదు. ఇంగర్ కళ్ళు తుడుచుకోలేదు, పుస్తకం తెరిచి రాసింది. తర్వాత తాడుకు ఓడని కట్టి, నలుగురు లాగితే, అది తన ముక్కు ఆల్టర్ వైపు తిప్పుకుని పైకి వెళ్ళింది.

తిరుగు దారిలో సుశీల లోయ కనిపించే మలుపు దగ్గర కారు ఆపించి పులిహోర తీసింది. అది తింటూ ఆమెతో, తాజ్ మహల్ ఎక్కడికీ పోదులే అన్నాను. దానిక్కూడా పగుళ్ళున్నాయేమో, నేను చూస్తే చాలు, మీరు కారులో ఉండండి అంది.

సోమవారం అంత తేలిక కాలేదు. గ్రెగ్ నా కొత్త రిపోర్టు రెండుసార్లు చదివి, శుక్రవారం మూసేయమన్న మనిషివి నువ్వేనా అని అడిగాడు. నేనేనన్నాను. నా లెక్క తప్పు అని ఒప్పుకోవడానికి నాకు మూడు వాక్యాలు పట్టాయి, అతనికి అవి అరగడానికి అరగంట. కొన్ని మేకులను నమ్మి చర్చి తెరిచి ఉంచమంటావా అన్నాడు. నలభై ఒక్క ఏళ్ళ కొలతలను నమ్మి అన్నాను, నా దగ్గర ఉన్నవి ఆరు వారాలవి. చివరికి మధ్యే దారి కుదిరింది. అత్యవసర ఉత్తర్వు లేదు, నోటీసు ఇచ్చాం. దక్షిణం వైపు ఎవరూ నడవకుండా కంచె, గోడకు బయట నుంచి ఏటవాలుగా రెండు ఉక్కు ఊతాలు, పదిహేను రోజులకోసారి గేజీ చదవడం. గేజీ నాలుగు మిల్లీమీటర్లు దాటితే ఆ రోజే మూత. చెట్ల జోలికి వెళ్ళకూడదని విడిగా ఒక పేరా రాశాను.

ఏప్రిల్‌లో వాన పడలేదు. గేజీ మూడుకు వచ్చింది, మూడుంపావుకు వచ్చింది. బస్సులు వచ్చి వెళ్తున్నాయి. ఆ నెలంతా పొద్దున్నే లేచి ముందు ఆకాశం చూసేవాణ్ణి. గుంటూరు రైతులు చూసినట్టే చూసేవాణ్ణి, నన్ను చూసి సుశీల నవ్వేది. మే రెండో వారంలో ముసురు పట్టింది, పది రోజులు వదల్లేదు. జూన్‌లో గేజీ రెండుకు దిగింది. ఇక్కడి చలికాలం చివర, ఆగస్టులో సున్నాకు వచ్చి, సున్నాను దాటి అవతలి వైపుకు అర మిల్లీమీటరు వెళ్ళింది. నేను అంటించేటప్పటికే పగులు ఆ ఏటి వేసవికి కొంత తెరుచుకుని ఉందన్నమాట. గ్రెగ్ ఆ కాగితం చూసి ఫైలు మూసే పేజీ మీద సంతకం చేసి నా వైపు జరిపాడు.

ఇంగర్‌కు ఫోన్ చేసి చెప్పాను. అయితే ఓడ ఉన్నచోటే ఉంటుందన్నమాట అంది. ఉంటుంది అన్నాను.

మరుసటి ఏడు మార్చి చివరి శనివారం మమ్మల్నిద్దరినీ పిలిచింది. గుండు పాత మేకు మీదే ఆగింది. పుస్తకం సుశీల ముందు పెట్టి, మీ భాషలో రాయమంది. సుశీల తెలుగులో “పాత మేకే” అని రాసి, కింద తేదీ వేసింది. నాలుగో చేతిరాత, మూడో భాష, అదే మాట.

రిటైరయిన రోజున నా టేబుల్ తీసుకున్న కొత్త ఇంజనీరు, జీలాంగ్ ఊరి నుంచి వచ్చిన అమ్మాయి, ఏమైనా చెప్పండి అని అడిగితే రెండు సంగతులు చెప్పాను. పగులు ఎంత వెడల్పు ఉందని కాదు, ఏ నెలలో కొలిచారని ముందు అడగాలి. రెండోది, ఏ భవనంలోకి వెళ్ళినా పరికరాల పెట్టె తెరిచేలోపే, ఆ నేల తుడిచేది ఎవరో కనుక్కుని తివాచీ ఎత్తమనాలి.